సీసపు జాడ

భోగి సమీపించునప్పుడు తమిళనాటి ఆండిపట్టి పరిసరములలోని మన తెలుగిండ్లలో గోడలకు సున్నమును, పాత తలుపులకు కొత్త రంగును వేయుట ఆచారముగ వచ్చుచున్నది గాని, గరుకుకాగితముతో రుద్దునపుడు రాలు పొడిలో సీసమున్నదేమో యని ఆలోచించు గృహస్థుడు అరుదు. 2017 నవంబరు 1 నుండి అమలునకు వచ్చిన కేంద్రప్రభుత్వ నియమములు ఇంటిరంగులలో సీసమును పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించనీయవు. తాతలనాటి తలుపుపై పొరలు పొరలుగా పేరుకొన్న రంగునకు ఆ కట్టడి యెక్కడిది?

పరీక్షాశాలలో కొంతకాలము పనిచేసిన నాకు సీసమును కనిపెట్టు అన్వేషణమున ముచ్చటైన సంగతి యొకటి తోచినది: ఒక్కొక్క పద్ధతి ఒక్కొక్క ప్రశ్నకే ఉత్తరమిచ్చును. 2020 డిసెంబరులో ఏలూరున జనులు మూర్ఛలతో పడిపోయినపుడు ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షలలో రోగుల రక్తమున సీసము, నికెలు కనబడినవి. అయినను రక్తము విషము చేరినదని చెప్పునే గాని, ఏ త్రోవను చేరినదో చెప్పజాలదు. త్రోవ తెలియవలెనన్నచో వస్తువులనే అడుగవలెను. సోడియం రోడిజోనేటు ద్రావణము సీసము తగిలిన చోట గులాబియెఱుపు చూపును. కాని ఎఱ్ఱరంగు తలుపుపై ఆ ఎఱుపును నమ్మరాదు. ఎక్స్-కిరణములతో పనిచేయు చేతియంత్రము అడుగుపొరలలోని సీసమును గూడ లెక్కించును. చారు పెట్టు ఈయపు (తగరపు) చెంబును గీటైనను పడకుండ పరీక్షించుటకు అదియే తగినది. అయితే పసిబిడ్డ చేతికంటి నోటికి పోవునది అడుగుపొర కాదు, నేలపై రాలిన ధూళి.

ఆ ధూళిని కొలుచుటకు, కొత్త చేతితొడుగులు ధరించి, అడుగు పొడవు, అడుగు వెడల్పుగల చతురస్రమును గుర్తించి, తడిగుడ్డతో మొదట అడ్డముగాను, మడిచి నిలువుగాను, మరల మడిచి అంచులను తుడిచి, ఆ గుడ్డను నత్రికామ్లమున వేడిచేసి కరగించి, అలన్ వాల్ష్ 1955లో ప్రకటించిన పరమాణుశోషణ విధానమున, 283.3 నానోమీటర్ల కాంతిని సీసపు పరమాణువు లెంత మ్రింగునో చూతురు. ఇంతకును ముఖ్యమైనది దేనినీ తుడువక, తెరచి మూసి, తక్కినవానితోపాటు పరీక్షకు పంపు వట్టి గుడ్డ! 2001లో చదరపుటడుగు నేలకు 40 మైక్రోగ్రాములను ప్రమాదపు హద్దుగ నిర్ణయించిన అమెరికా ప్రభుత్వము 2019లో దానిని 10కి దించినది; మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షలవ వంతు గదా, గుడ్డలోనో ఆమ్లములోనో దాగిన మాలిన్యమే నిర్దోషియైన యింటిపై నింద మోపగలదు. యంత్రమెంత సూక్ష్మమైనను, తుడిచిన చేతి నిష్ఠకు మించిన సత్యమును అది చెప్పదు.

కావున పాఠకులారా, ఈ యేడు పాత తలుపులకు రంగు వేయదలచితిరేని, వీలున్నచో ముందు పరీక్ష చేయింపుడు. వీలులేనిచో పొడిగా రుద్దక తడిపి గీకుడు, పిల్లలను గర్భిణులను ఆ చాయకు రానీయకుడు, రాలినదానిని చీపురుతో ఊడ్వక తడిగుడ్డతో ఎత్తివేయుడు.