నీళ్ళొచ్చాక మనిషి మాట

ఇరవై యేళ్ళ క్రితం, మర్రిగూడ ప్రాంతపు బడి ఒకదానిలో పద్యం అప్పజెప్పడానికి లేచిన అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "చెయ్యి తీసి చదువమ్మా" అన్నాను. తీసింది. గారపట్టిన పళ్ళు తరగతంతా చూసింది. పద్యం ఆగిపోయింది. ఆ తరగతిలో చాలామంది పళ్ళు అట్లాంటివే. అయినా ఎవరి సిగ్గు వాళ్ళదే. ఎం.ఏ. చదివిన నాకు ఆ పద్యంలోని అలంకారం తెలుసు. ఆ చెయ్యి దేన్ని కాపాడుకుంటున్నదో తెలియలేదు.

మానవతావాద మనస్తత్వశాస్త్రంమీద మనవాళ్ళకు వున్న అనుమానాన్ని పరిశీలించేటప్పుడల్లా ఆ చెయ్యి గుర్తొస్తుంది. అనుమానం నిరాధారం కాదు. నల్లగొండ ఫ్లోరోసిస్ మనసులో పుట్టిన జబ్బు కాదు. గ్రానైటు శిలల్లోని ఫ్లోరైడు భూగర్భజలంలో కలిసింది. చెరువులు, బావులు ఎండి బోర్లు లోతుకు పోయినకొద్దీ జనానికి ఆ నీళ్ళే దిక్కయ్యాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడు దాటకూడదన్న నీతి పుస్తకాల్లోనే వుండిపోయింది. పటిక, సున్నంతో ఫ్లోరైడును తీసే పద్ధతిని నాగపూరు శాస్త్రజ్ఞులు 1970లలో రూపొందించి ‘నల్లగొండ టెక్నిక్’ అన్నారు. పేరు ఆఫ్రికాదాకా పోయింది. మంచినీళ్ళు మాత్రం ఈ ఊళ్ళకు చాలా ఆలస్యంగా వచ్చాయి. ఇటువంటి చోట సహానుభూతి గురించి పాఠం చెబితే, అది కారణాన్ని కప్పిపుచ్చే మాటగా వినిపించడంలో ఆశ్చర్యం లేదు.

అయితే ప్రశ్న ఇక్కడితో ముగియదు. 2016లో మిషన్ భగీరథ మొదలైంది. 2020 నాటికి ఫ్లోరైడు బాధిత ఆవాసాలు సున్నా అని ప్రభుత్వం లెక్క చెప్పింది. ఆవాసాల లెక్క సున్నా కావచ్చు. బిగుసుకుపోయిన కీళ్ళు, వంగిన వెన్నులు సున్నా కావు. ఎముకను పట్టిన ఫ్లోరోసిస్‌కు తిరుగు లేదు. మిగిలిన మనిషికి సంక్షేమ యంత్రాంగం చూపే దారి వైకల్య ధ్రువపత్రం, 40 శాతం, పింఛను. ఇవి హక్కులు, వీటికోసం పోరాడవలసిందే. కాని ఎంత శాతమని అడిగే బల్ల దగ్గర, ఎట్లా బతుకుతున్నావని అడిగేవారు లేరు.

కార్ల్ రోజర్స్ పనికివచ్చేది సరిగ్గా ఇక్కడే. ఆయన సిద్ధాంతానికి పునాది ధనికుల గదుల్లో పడలేదు. 1928 నుంచి 1940 దాకా రాచెస్టర్‌లో, సంక్షేమ సంస్థలు, కోర్టులు పంపిన పిల్లలతో పనిచేశాడు. సాయం చేసేవాడిలో నిజాయితీ, షరతులు లేని ఆదరం, ఎదుటివాడి లోకాన్ని లోపలినుంచి చూడగల సహానుభూతి వుండాలన్నాడు. మన భాషలో చెప్పాలంటే, సాయం కోరి వచ్చినవాడు దరఖాస్తు కాదు.

మాస్లోను మనం మరీ అన్యాయంగా చదివాం. ముందు అన్నం, నీళ్ళు, ఆ తర్వాతే గౌరవం అని మెట్లు కట్టి, పేదవాణ్ణి కింది మెట్టుమీదే కూర్చోబెట్టాం. కింది అవసరం పూర్తిగా తీరితేనే పైది పుడుతుందనుకోవడం పొరపాటని 1943 నాటి వ్యాసంలో మాస్లోయే చెప్పాడు. ఆ అమ్మాయి దాహమూ సిగ్గూ ఒకే నీళ్ళలోనుంచి వచ్చాయి.

ఈ దృక్పథానికి పరిమితి లేకపోలేదు. పాలమూరు ఊళ్ళలో పడుచువాళ్ళు మేస్త్రీ వెంట వలసపోతే, ఇంట్లో మిగిలిన ముసలమ్మకు ఆదరంగా వినే చెవి ఒక్కటే చాలదు. కొడుక్కి ఊళ్ళో పని కావాలి. రోజర్స్ గది గోడల అవతలికి మనమే నడవాలి. కాని ఆ పని దొరికేదాకా ముసలమ్మ మాట వినకుండా వుండటానికి ఏ సిద్ధాంతమూ మనకు అనుమతి ఇవ్వలేదు.

మన కథల్లోనూ ఈ లోపం వుంది. ఫ్లోరోసిస్ మనిషి వంకర కాళ్ళతో వస్తాడు, వ్యవస్థ నేరానికి సాక్ష్యంగా నిలబడతాడు, వెళ్ళిపోతాడు. అతనికి ఇష్టాలుండవు, కోపం వుండదు, హాస్యం వుండదు. అధికారి అతన్ని శాతంగా చూస్తే, మనం ఉదాహరణగా చూశాం. రెండు చోట్లా అతని నోటికి చెయ్యి అడ్డమే.

ఆ చేతిని తీయమని ఆజ్ఞాపించే హక్కు నాకు లేదు. తనంత తానుగా తీయగల తరగతిని, ఆసుపత్రిని, కథను తయారుచేయడమే మన బాధ్యత.