పంక్తిలో కూర్చుంటేనే పరిచర్య

పరదేశానికి పరిచర్యకు వెళ్ళబోయే యువతీయువకులు ప్రార్థన చేయించుకోవడానికి మా సంఘానికి వస్తుంటారు. సంచుల నిండా మందులు, బట్టలు, బైబిళ్ళు. వాళ్ళకు నేను చెప్పేది వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారి సంగతి.

1910 జూన్‌లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. 1,200 మందికి పైగా ప్రతినిధులు. ఆసియా వాళ్ళు ఇరవై మంది కూడా లేరు. వారిలో ఒకరు అజరయ్యగారు, తిరునల్వేలి ప్రాంతపు తమిళుడు, వయసు 35. మిషనరీల త్యాగాలకు మనసారా కృతజ్ఞత చెప్పి, ఆ వెంటనే అసలు విషయానికి వచ్చారు. విదేశీ మిషనరీకీ దేశీయ సేవకుడికీ మధ్య పెద్ద ఎడం ఉంది, మాకు మీ స్నేహం కావాలి అన్నారు. సభలో చాలామందికి అది మింగుడుపడలేదు. నాకు ఆ మాటల్లో కోపం కంటే ఆశే ఎక్కువ వినిపిస్తుంది. తెగతెంపులు చేసుకోవాలనుకున్నవాడు స్నేహం ఎందుకు అడుగుతాడు?

మిషన్ కాంపౌండులు చూసినవాళ్ళకు ఆ ఎడం ఎలాంటిదో తెలుసు. చుట్టూ ప్రహరీ, మధ్యలో బంగళా, ముందు వరండా. మన బోధకుడు చాలాచోట్ల ఆ వరండాలోనే నిలబడి మాట్లాడి వెళ్ళిపోయేవాడు. దొరగారు చెడ్డవాడేం కాదు. బడి పెట్టించాడు, కరువులో గంజి పోయించాడు. కానీ పెట్టడమే తెలుసు, ఒకరింట పెట్టించుకోవడం అలవాటు లేదు.

అజరయ్యగారు అడిగి ఊరుకోలేదు. అంతకు ముందు ఏడాదే ఆయన నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు వచ్చేశారు. భాష వేరు, తిండి వేరు. తిరునల్వేలి వాళ్ళకు అది పరాయి దేశం కిందే లెక్క. తెలుగు నేర్చుకున్నారు, ఎడ్లబండి మీద ఊళ్ళు తిరిగారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాక కూడా డోర్నకల్ వదల్లేదు, 1945 జనవరి 1న అక్కడే కన్నుమూశారు. 1939లో ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ కెథడ్రల్‌ని వీలుంటే ఒకసారి చూసి రండి. గుడి మండపాన్ని తలపించే స్తంభాలు, మసీదు తరహా గుమ్మటాలు. చుట్టుపక్కల జనం పుట్టినప్పటి నుంచీ చూస్తున్న రూపాలకు తన ఆరాధనాలయంలో చోటిచ్చారాయన.

మనవాళ్ళూ సముద్రం దాటారు. 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్యగారు దక్షిణాఫ్రికాలోని నేటాల్ వెళ్ళారు. అక్కడి తోటల్లో ఒప్పంద కూలీలుగా ఉన్న తెలుగు బాప్టిస్టులు తమకో కాపరి కావాలన్నారు. ఇక్కడి తెలుగు బాప్టిస్టు హోమ్ మిషనరీ సొసైటీ ఆయన్ని పంపింది. పిలుపు మీద వెళ్ళిన మనిషి ఆయన. పిలవని పేరంటానికి వెళ్ళినవాళ్ళు మాత్రం పీట సంపాదించుకోవడానికి చాలాకాలం ఓపిక పట్టాలి.

మా పిల్లల్లో ఎక్కువమంది ఈ రెండో కోవలోనే వెళ్తారు. అందుకే అంటాను: మొదటి నెల సంచి విప్పకండి. పొరుగింటికి వెళ్ళి మంచినీళ్ళు అడిగి తాగండి. వాళ్ళ భాషలో అక్షరాలు వాళ్ళ పిల్లల దగ్గరే దిద్దుకోండి. జ్వరమొస్తే తలుపు వేసుకుని పడుకోకండి, పక్కింటి అమ్మకు చెప్పండి. ఆవిడ కాచి తెచ్చిన గంజి ఆవిడ ఎదుటే తాగండి.