ఉప్పుగాలికి జంకని మైకు

ఇంట్లో పాట రికార్డు చేసుకుంటానని ఎవరైనా అనగానే, పక్కనున్నవాళ్లు చెప్పే మొదటి మాట: ‘మంచి కండెన్సర్ మైకు కొను’. హైదరాబాదులో ఏసీ గది ఉన్నవాళ్లకు అది మంచి సలహానే. పోర్ట్ బ్లెయిర్‌లో మాత్రం (2024 నుంచి ప్రభుత్వం పెట్టిన పేరు శ్రీ విజయపురం) ఆ డబ్బు తీసేముందు కాస్త ఆగాలి. అక్కడ ఏడాదికి దాదాపు మూడు వేల మిల్లీమీటర్ల వాన పడుతుంది. మేలో పట్టిన ముసురు డిసెంబరు దాకా పూర్తిగా వదలదు. వాన లేని రోజున కూడా గాలిలో తేమ, ఆ తేమలో ఉప్పు.

ఆ గాలిలో పాడుకునే తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ జనాభా 3,80,581. అందులో నూటికి పదముగ్గురి మాతృభాష తెలుగు. జంగ్లీఘాట్ లాంటి చోట్ల ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్లిన మత్స్యకార కుటుంబాలు స్థిరపడ్డాయి. భజనైనా, చర్చి కీర్తనైనా, జానపదమైనా ఇంట్లో పాడి బయటికి పంపడం ఇప్పుడు సులువైంది. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ మొదలయ్యాక, పెద్ద ఆడియో ఫైలు పంపడానికి శాటిలైట్ దయ కోసం ఎదురుచూడక్కర్లేదు. ఇక తేల్చుకోవలసింది పాట నాణ్యత. అందుకే నేను ఇక్కడ పరిచయం చేస్తున్నది కొత్త మోడల్‌ను కాదు, 1966 నాటి షూర్ ఎస్ఎం58ను. పెళ్లి ఆర్కెస్ట్రాల్లో అందరూ చూసిన, గుండ్రటి జాలీ తల ఉన్న మైకే అది.

కండెన్సర్ పనితనం తక్కువదని అనను. దాని లోపలి పొర కొన్ని మైక్రాన్ల మందమే ఉంటుంది. వెనకనున్న లోహపు పలకకూ దానికీ మధ్య సందు వెంట్రుకవాసి కూడా ఉండదు. ఆ రెంటి మధ్య విద్యుదావేశాన్ని నిలిపి ఉంచితే, పొర కదిలినప్పుడల్లా వోల్టేజీ మారుతుంది. చిక్కల్లా ఆ నిలిపి ఉంచడంలోనే. తేమా ఉప్పూ పేరుకుంటే ఆవేశం కారిపోవడానికి దారి దొరుకుతుంది, హెడ్‌ఫోన్లో తాలింపు వేసినట్టు చిటపటలు మొదలవుతాయి. తేమను తట్టుకునే కండెన్సర్లూ లేకపోలేదు. సెన్‌హైజర్ ఎంకేహెచ్ శ్రేణి మైకులు రేడియో పౌనఃపున్యంతో పనిచేస్తాయి కనుక అడవుల్లో రికార్డు చేసేవాళ్లు వాటినే నమ్ముతారు. వాటి ధర మాత్రం ఇంటి స్టూడియోకి అందేది కాదు.

ఎస్ఎం58లో నిలిపి ఉంచవలసిన ఆవేశమే లేదు. పొరకు అతికించిన సన్నటి తీగచుట్ట అయస్కాంతం సందులో కదులుతుంది, కరెంటు పుడుతుంది, అంతే. దీని వెనకున్న మనిషి షూర్ ఇంజినీరు ఎర్నీ సీలర్. ఆయన శాస్త్రీయ సంగీత ప్రియుడు, రాక్ అంటే గిట్టదు. (ఆ రాక్ గాయకులే తర్వాత ఆయన మైకును నెత్తిన పెట్టుకున్నారు.) ఈ మైకుకు మూలమైన, 1959 నాటి యూనిడైన్ 3 గుండెను తీర్చిదిద్దడానికి ఆయన మూడేళ్లు వెచ్చించి వందల మైకుల్ని పాడుచేశాడు. విసిరాడు, కింద పడేశాడు, ఉడికించాడు, ఉప్పునీటి జల్లు పట్టించాడు, నీళ్లలో ముంచాడు. ఆ ఉప్పునీటి పరీక్షల ఫలితమే అండమాన్ ఇంట్లో ఈ మైకు కొనడానికి కారణం.

మొండితనం ఒక్కటే అయితే ఇంత మెచ్చుకోను. దీని అసలు అందం వినకుండా వదిలేసే వాటిలో ఉంది. పొర వెనక కొన్ని రంధ్రాలున్నాయి. వెనక నుంచి వచ్చే ధ్వని ఆ రంధ్రాల్లోంచి కొంత ఆలస్యంగా పొర వెనక్కి చేరుతుంది. సరిగ్గా అదే సమయానికి జాలీ చుట్టూ తిరిగి ముందుకీ చేరుతుంది. రెండువైపులా ఒకే ఒత్తిడి పడేసరికి పొర కదలదు. కాబట్టి మైకు వీపు ఏ శబ్దం వైపు ఉంటే ఆ శబ్దం బాగా తగ్గుతుంది. స్టైల్ కోసం తలను గుప్పిట్లో పట్టుకుని పాడేవాళ్లు ఆ రంధ్రాలు మూసేసి సీలర్ శ్రమంతా గంగలో కలుపుతున్నారు.

బాస్ సంగతి ఇంకా ముచ్చటైనది. ఈ జాతి మైకుకు మూతిని దగ్గరగా పెడితే బాస్ ఉబ్బుతుంది. అందుకని వంద హెర్ట్జ్‌ల కింద స్పందన ముందే తగ్గిపోయేలా మలిచారు. దగ్గరగా పాడేవాడి గొంతుకు ఆ తగ్గుదల ఉబ్బుతో సరిపోతుంది. దూరపు శబ్దానికి ఉబ్బు దొరకదు కనుక తగ్గుదలే మిగులుతుంది. పక్క సందులో మోగే జనరేటర్ గుర్రుమన్నది మైకుకు సగం కూడా చేరదు. గాయకుడికి ఇచ్చినదాన్ని జనరేటర్‌కు ఇవ్వని ఈ ఏర్పాటులో అదనపు బటన్ గానీ సర్క్యూట్ గానీ లేదు. ఆకారమే ఆ పని చేస్తుంది.

మిగతాది గదిలో చేసుకోవాలి. వెచ్చటి గాలిలో ధ్వని సెకనుకు దాదాపు 349 మీటర్లు వెళుతుంది. గది పొడవు మూడున్నర మీటర్లయితే దాని సహజ అనునాదం 50 హెర్ట్జ్, రెండోది 100. మన కరెంటు 50 హెర్ట్జ్, మోటార్లూ ట్రాన్స్‌ఫార్మర్లూ మూలిగేది 100 దగ్గర. అంటే మామూలు పడగ్గదే ఆ మూలుగును పెంచి పోషిస్తుంది. ఆ 100 హెర్ట్జ్ గాలి ఒత్తిడి బాగా బలహీనపడేది పొడవులో నాలుగో వంతు దగ్గర, గోడకు సుమారు 87 సెంటీమీటర్ల దూరంలో. మైకు స్టాండు ముందుగా అక్కడ పెట్టి చూడాలి. మూలల్లో పెడితే మూలుగు గరిష్ఠం. గాయకుడు కిటికీ వైపు ముఖం పెట్టి నిలబడితే మైకు వీపు కిటికీకి వస్తుంది. దుప్పట్లూ పరుపూ కట్టవలసింది గాయకుడి వెనక, ఎందుకంటే మైకు చూసేది అటే. చాలామంది మైకు వెనక స్పాంజి అతికించి సంబరపడతారు.

అంగుళం మందం స్పాంజి పైస్థాయి ధ్వనిని పీల్చుతుంది, బయటి మోతను ఆపదు. మోతను ఆపేది బరువు. రేకు ఇంటి మీద వాన పడుతుంటే ఏ మైకూ చేయగలిగిందేమీ లేదు. వాన ఆగాకే పాడాలి. ఆగినప్పుడు పెదవులు జాలీకి అయిదు సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. దూరం సగమైన ప్రతిసారీ గొంతు ఆరు డెసిబెల్స్ పెరుగుతుంది, గది మోత మాత్రం అక్కడే ఉంటుంది. ఇరవై సెంటీమీటర్ల నుంచి అయిదుకు వస్తే పన్నెండు డెసిబెల్స్ లాభం, పైసా ఖర్చు లేకుండా.

లోపం లేదనను. దీని సిగ్నల్ చాలా బలహీనం. మైకును కంప్యూటర్‌కు కలిపే చవక ఇంటర్‌ఫేస్‌లో గెయిన్‌ను పూర్తిగా పెంచితే హిస్ వినపడుతుంది. జోలపాటకూ వీణకూ వేణువుకూ ఇది చాలదు. తీగ మీద వేలు జారే సన్నటి సవ్వడి దీనికి అందదు. వాటికి కండెన్సరే కావాలి. వాన తెరిపిచ్చే జనవరి, ఏప్రిల్ నెలల మధ్య వాటిని రికార్డు చేసుకుని, పని అయిన వెంటనే మైకును సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో పెట్టి మూసేయాలి. పొట్లాల రంగు మారితే వేడిచేసి తేమ పోగొట్టి మళ్లీ వేయాలి. ఎస్ఎం58ను మాత్రం స్టాండు మీదే వదిలేయవచ్చు.