పొగడదండ: శ్రీనాథుని యొక చాటువునం దలంకారవిచారము

శ్రీనాథుని కడపటి దినములను దెలుపు సీసపద్యము నెఱుఁగని పండితుఁడు మనలో లేఁడు. కృష్ణాతీరమున బొడ్డుపల్లెను గుత్తకుఁ దీసికొని, పైరు వఱదపాలు గాఁగా నేడునూఱు టంకములు చెల్లింపలేక, యెండలో సంకెలలతో నిలువఁబడిన కవి చెప్పికొన్నదిగా నది ప్రసిద్ధము. పాఠశాలలలో దీనిని భోగలాలసుని దారిద్ర్యమునకు నిదర్శనముగాఁ జెప్పి విడుచుచున్నారు. నాకది సరిగాఁ దోఁపదు. ఇందుఁ గూలినది కవి యొక్కఁడే కాఁడు. చాటువు గనుక శ్రీనాథకృతమగునా యను సంశయ ముండవచ్చును. అన్యకృతమైనను ఆ పతనమును దలఁచుకొన్న దేశము పలికిన సాక్ష్యమే యగును.

పెదకోమటి వేమారెడ్డి కొలువున విద్యాధికారియై వెలసిన కవి కాశ్రయమైన కొండవీటిరాజ్యము 1424 ప్రాంతమున నంతరించెను. కాశీఖండమును గృతినందిన వీరభద్రారెడ్డి యేలిన రాజమహేంద్రవరమును 1448 నాఁటికి గజపతుల వశమయ్యెను. సీసపాదములు నాలుగింటను మొదట నొక బిరుదమో, కృతియో, ప్రభువు పేరో నిలుచును; వెంటనే యొక శిక్షాసాధనము వచ్చును.

పొగడదండ యనఁగా వకుళమాల. మెడకుఁ దగిలించు శిక్షాసాధనమునకును నదియే పేరు. ఈ శ్లేష లోకము పెట్టినది, కవి కల్పించినది కాదు. అది కంఠమును గౌఁగిలించినదనుట మాత్రము కవిది. నల్లగుండు భుజము నెక్కినదఁట! ప్రౌఢదేవరాయల సభలోఁ గనకాభిషేకమునఁ దడిసిన భుజమది. పసిఁడి జాఱిన చోటనే ఱాయి కూర్చున్నది. మూఁడవ పాదమున నలంకారము పలుచన. సంకెల కాళ్లఁ దగిలియున్నదనుట యున్నమాట చెప్పుటయే. నాల్గవదానిలో వెదురుగొడియ వీరభద్రారెడ్డి విద్వాంసుని ముంజేతితో వియ్యమందినది. ఆ రెడ్డికి రాజమహేంద్రవరము దక్కుటకుఁ గాటయవేముని కూఁతురగు ననితల్లితోడి వియ్యమే ముఖ్యహేతువు. కవి దీనిని దలఁచెనో లేదో చెప్పఁజాలను గాని, ఆనాఁటి శ్రోతకు స్ఫురింపకపోవునా?

దీనిని రూపకమనుట యొప్పదు. గుండు గుండుగనే యున్నది, వెదురు వెదురుగనే యున్నది. ఆప్తజనుల వ్యవహారము మాత్రము వానియం దారోపింపఁబడినది. కావున సమాసోక్తి. పేరుకన్న ఫలము ముఖ్యము. ఈ యారోపమువలన దండయు, ఱాయియు, సంకెలయు, వెదురును వాక్యములకుఁ గర్తలైనవి. శిక్షించిన యధికారి యేవాక్యమునను గర్త కాఁడు. వానిని దూఱినచో నొక దూషణపద్య మయ్యెడిది. ఇట్లు దాఁచుటచే వాఁడు పద్యమంతటను వినఁబడుచున్నాఁడు. పాదపాదమునకు 'గదా' యనుటయు గమనింపఁదగినది. వీథిలో నిలిచి చూచువారి సమ్మతి నడుగు మాట యది. చదువరియు నా గుంపులోఁ జేరవలసినవాఁడే.

ఎత్తుగీతికి వచ్చుసరికి నలంకారము తొలఁగును. ఏఱు, పిట్టలు, నువ్వులు, పెసలు, టంకముల లెక్క: ఇంతియే. పంట దోఁచిన కృష్ణను సైతము కవి యమ్మా యని పిలిచెను. టంకము లడిగినవానిని మాత్ర మేపేరునను బిలువలేదు.