టెలివిజనులో పాటల పందెము

పాటకు పందెము కట్టుట మనకు క్రొత్త గాదు. బొబ్బిలి కేశవయ్య తంజావూరు వచ్చి ఆస్థాన విద్వాంసులను సవాలు చేయగా, శ్యామశాస్త్రిగారు ఆయన కెదురు నిలిచి గెలిచిరని సంగీతలోకమున నొక కథ చెప్పుదురు. ఆ సభలో తీర్పు చెప్పినవారు విద్య తెలిసినవారు. విన్నవారికి చెవులుండెను గాని వోటు లేకుండెను. నేడు టెలివిజనులో మన యిండ్లకు వచ్చు పాటలపోటీ యట్టిది గాదు. దానికి గాయకుడు, నిర్ణేత, శ్రోత యను మువ్వురేగాక, ప్రకటనదారు, ప్రసారసంస్థ, కూర్పరి యని మఱి మువ్వురు భాగస్వాములున్నారు. ఈ వెనుకటి మువ్వురును తెరపై కనబడరు. వారిని లెక్కలోనికి దీసికొననిదే యీ పోటీల గుణదోషములు తేలవని మా యభిప్రాయము.

తెలుగునాట వీనిలో మేలుబంతి 'పాడుతా తీయగా'. ఈటీవీ 1995లో వెలసినది. మఱుసటి యేడే యీ కార్యక్రమము మొదలయ్యెను. 2020 సెప్టెంబరు 25న కీర్తిశేషులగువఱకును దీనికి ప్రాణము శ్రీ శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యముగారు. ఆయన తానే 1964లో మదరాసున నొక పాటలపోటీలో బహుమతి గొని, ఆ పరిచయము వలననే సంగీతదర్శకులు కోదండపాణిగారి యాదరము పొంది, 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' చిత్రమునకు తొలిపాట పాడిరి. పోటీ వలన పైకి వచ్చిన మనిషి పోటీని నడపుట యొక విశేషము. ఓడిన పిల్లవాని ముఖమున నేమి వ్రాసియుండునో ఆయన యెఱుగును.

అంతకంటె విశేషము మఱొకటి కలదు. ఆయన పాట విన్న పిమ్మట మార్కులకు పోవకముందు ఆ పాట వ్రాసిన కవి యెవరో, స్వరము కట్టిన దెవరో, ఏ వాద్యము నెవరు వాయించిరో చెప్పెడివారు. ఒక 'ళ' కారమును 'ల' కారముగా పలికినచో నాపి దిద్దెడివారు. ఒత్తు జారినను, పదమును తప్పుచోట విఱిచి అర్థము చెడగొట్టినను ఊరకుండెడివారు గారు. సినిమాపాట వినువారిలో నూటికి తొంబదిమంది గాయకుని పేరుతో తృప్తిపడుదురు, కవిపేరు వెదకువారరుదు. అట్టి శ్రోతలకు ఇంటింట నొక పాఠశాల పెట్టినట్లయ్యెను. ఈ కార్యక్రమము గాయకుల నెందఱనో తయారుచేసెనని పొగడువారు చాలమంది. శ్రోతలను తయారుచేసెనని చెప్పువారు తక్కువ. మేము రెండవదానినే పెద్ద సేవగా నెంచుచున్నాము. ఆయన యనంతరము కుమారులు చరణ్‌గారు నిర్వహణము స్వీకరించిరి.

ఇక రెండవ తెగ. బ్రిటనులో 2001లో సైమన్ ఫుల్లర్ కల్పించిన 'పాప్ ఐడల్' అను అచ్చు దేశదేశములకు అమ్ముడుపోయి, 2004లో 'ఇండియన్ ఐడల్' అయ్యెను. 2022లో ఆహా సంస్థ దానిని తెలుగులోనికి దెచ్చెను. తొలి విజేత నెల్లూరు బాలిక వాగ్దేవి. ఈ అచ్చులో నిర్ణేత తీర్పు కలదు. దానితో పాటు ప్రేక్షకుల వోటును కలదు. 'పాడుతా తీయగా' మార్కులకు ప్రాధాన్య మిచ్చినది. ఈ తెగ ఆదరమునకు ప్రాధాన్య మిచ్చుచున్నది. ప్రజాభిప్రాయమున కెదురాడుట మా యుద్దేశము గాదు. అయినను వోటు దేనిని కొలుచుచున్నదని యడుగక తప్పదు.

2007లో జరిగిన దానిని చదువరులు జ్ఞాపకము చేసికొందురు గాక. ఆ యేటి ఇండియన్ ఐడల్ పోటీలో డార్జిలింగు యువకుడు, కలకత్తా పోలీసు ఉద్యోగి ప్రశాంత్ తమాంగు తుదివఱకు నిలిచెను. కొండలలోని నేపాలీ ప్రజ లాతనిని తమ గౌరవమునకు గుఱుతుగా నెంచి, చందాలు పోగుచేసి మఱీ వోట్లు పంపిరి. ఆయన గెలిచెను. వెనువెంటనే యొక రేడియో వ్యాఖ్యాత యాడిన తేలికమాట వలన సిలిగురిలో అల్లర్లు చెలరేగి కర్ఫ్యూ పెట్టవలసి వచ్చెను. పాట యెక్కడ? ఎప్పటినుండియో తమ్మెవరును గుర్తింపలేదన్న యొక జాతి బాధ ఆ వోట్ల పెట్టెలో బయల్పడినది. ఆ బాధ నిజమైనదే. కాని దానిని తూచుటకు శ్రుతిలయల పోటీ తగిన త్రాసు గాదు. మన తెలుగువారు 2010లో శ్రీరామచంద్ర, 2017లో రేవంత్ అదే హిందీ పోటీలో గెలిచినప్పుడు మనమును గుండెలు పొంగించుకొంటిమి. వారు శ్రమజీవులు, పాట నేర్చినవారు, అంతకుముందే తెలుగు చిత్రములకు పాడినవారు. అయినను మన పొంగులో సంగీతమెంత, మనవాడన్న మమకారమెంత యని తూచుకొన్నచో త్రాసు రెండవవైపు మొగ్గునేమో!

వోటునకు వెల కూడ కలదు. బ్రిటనులో టెలివిజను పోటీలకు ఫోనుచేయువారిని మోసగించినందులకు 2008లో అక్కడి ప్రసార నియంత్రణసంస్థ ఐటీవీకి ఏబదియాఱు లక్షల పౌండ్లకు పైగా జరిమానా విధించెను. అందులో నొక పాటల కార్యక్రమమున, ఏ పాట పాడవలెనో ప్రేక్షకులు ఫోనులో కోరిన దానిని నిర్వాహకులు కాదని తమ యిచ్చవచ్చినది పాడించిరని తేలినది. 2010లో 'ఎక్స్ ఫ్యాక్టర్' అను పోటీలో గాయకుల అపశ్రుతులను యంత్రముతో సరిదిద్ది ప్రసారము చేసిరని గగ్గోలు పుట్టెను. ఇవి పరదేశపు మాటలని త్రోసివేయవచ్చును. కాని అచ్చు అచ్చటినుండి వచ్చినదే గదా. అచ్చుతోపాటు దాని జబ్బులు రాకుండునా?

కూర్పరి పనిని గూర్చి యొకమాట. ఈ కార్యక్రమములు చాలవఱకు ముందుగా చిత్రింపబడి, పిదప కత్తిరింపబడి మనకు చేరును. వడపోత కెమెరాకు ముందే జరుగును. వేలమంది వచ్చిన చోట పేరుపొందిన నిర్ణేతల యెదుటికి చేరువారు కొందఱే. తక్కినవారిని తెరవెనుక ఉద్యోగులే వెనుకకు పంపుదురు. అచ్చట రాగజ్ఞానముతో పాటు ముఖము, వయస్సు, ఇంటి పేదఱికము, తండ్రి ఆటో నడపుట, తల్లి కన్నీరు కూడ పరీక్షకు నిలుచును. పేదయింటి బిడ్డ పాడుటను మేము మెచ్చుచున్నాము. ఆ పేదఱికమును పాటకు ముందు వాద్యమువలె వాయించుటనే మెచ్చము.

పిల్లలమాట వచ్చినది గనుక దానిని విడువరాదు. పది పండ్రెండేండ్ల బాలబాలికలచే విరహగీతములు పాడించి, 'ఎంత భావముతో పాడినావమ్మా' యని పెద్దలు మెచ్చుట మన యిండ్లలోనే జరుగుచున్నది. ఆ భావ మా పిల్ల కెచటినుండి రావలెను? 2017లో వెలువడిన కేంద్రప్రభుత్వపు నియమముల ప్రకారము, బాలకళాకారులచే రోజునకు ఐదు గంటలకు మించి పని చేయింపరాదు. విశ్రాంతి లేక మూడు గంటలు దాటరాదు. జిల్లా మేజిస్ట్రేటు అనుమతి కావలయును. సంపాదనలో నూటికి ఇరువదివంతు బిడ్డపేర బ్యాంకులో నిలువ చేయవలయును. ఇష్టము లేని బిడ్డను పాల్గొనజేయరాదు. ఇంత చక్కని నియమము లుండగా, కొడుకును పోటీకి గొనిపోవు తండ్రులలో వీనిని చదివినవా రెందఱు? 1998లో స్థాపితమైన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయము మా శామీర్‌పేటలోనే యున్నది. దాని ప్రాకారము ప్రక్క వీథులలోనే సంగీతపు తరగతులకు పరుగెత్తు చిన్నారులును, వారివెంట తల్లులును ఉన్నారు. న్యాయవిద్యార్థులు సెలవు దినములలో నొకనాడు ఈ నియమములను తేటతెలుగులో అచ్చొత్తించి ఆ తల్లుల చేతి కిచ్చినచో, పెక్కు ఉపన్యాసముల కంటె మేలగును.

మఱొక లోపము సంగీతమునకే సంబంధించినది. ఈ పోటీలలో పాడునది ప్రాయికముగా నొకరు మునుపు పాడిన సినిమాపాట. మూలగాయకుని గమకమును, నిట్టూర్పును సైతము ఎంత దగ్గఱగా దించినచో నంత మెప్పు. అనుకరణము శిక్షణలో మొదటి మెట్టు. దానినే శిఖరముగా జూపుట తగదు. ఇక పందెమున కొదుగని పాట యున్నదని ఈ వేదిక లెఱుగవు. బతుకమ్మనాడు శామీర్‌పేట చెరువుగట్టున స్త్రీలు వలయముగా తిరుగుచు, ఒకరందిచ్చిన మాటను పదిమంది అందుకొని పాడుదురు. గొంతు బాగున్నవారును, లేనివారును అందులోనే కలియుదురు. జానపదమని పేరుపెట్టి టెలివిజనువారు అట్టి పాటను వేదిక నెక్కించినప్పుడు వలయము పోయి ఒంటరి గొంతు మిగులును. చప్పట్లు పోయి మార్కులు వచ్చును.

2025 ఏప్రిలులో 'పాడుతా తీయగా' నుండి వెడలిన యొక గాయని నిర్ణేతలు పక్షపాతము చూపిరనియు, దుస్తుల విషయమున నిర్వాహకులు తన్ను నొప్పించిరనియు బహిరంగముగా ఆరోపించెను. ఆరోపణకు గుఱియైనవారు దానిని ఖండించిరి. ఎవరి పక్షము నిజమో తీర్చుట మా పని గాదు. కాని యిట్టి వివాదమున కాస్కారమెట్లు కలిగెనో చెప్పగలము. శ్రుతికెన్ని, లయకెన్ని, ఉచ్చారణకెన్ని, భావమునకెన్ని మార్కులో, ఏ నిర్ణేత యెన్ని వేసెనో విడివిడిగా తెరపై చూపినచో, ఓడినవారు తమ తప్పు నెఱుగుదురు, గెలిచినవారిపై అనుమాన ముండదు. ఇంటనున్న మనమును మన చెవిని నిర్ణేత చెవితో పోల్చి చూచుకొందుము. పాఠశాల పరీక్షకు సైతము మార్కుల పట్టీ యింటికి వచ్చును. ప్రకటనలకు గంటలో నన్ని నిమిషములు చిక్కుచుండగా ఈ పట్టీకి అరనిమిషము చిక్కదా? ఈ సంగతి కార్యక్రమ నిర్వాహకులకు వ్రాయవలెనని చదువరులను కోరుచున్నాము, మేమును వ్రాయుచున్నాము.