గాదె, కాపలా, కాగితం

ఎనిమిది గంటలు నిద్రపోయినా పొద్దున ఒళ్ళు లేవనంటుంది. పది మెట్లెక్కితే కాళ్ళు పీకుతాయి. కారణం తెలియని ఇలాంటి నీరసంతో వెళితే డాక్టరు రాసిచ్చే మొదటి పరీక్షల్లో థైరాయిడ్ ఒకటి. మర్నాడు వచ్చే కాగితం మీద ఉండేవి రెండు మూడు అంకెలే. ఆ అంకెల వెనకున్న పనితనం నన్ను చాలాకాలంగా ముగ్ధుణ్ణి చేస్తోంది.

ముందు గ్రంథి సంగతి. గొంతు ముందు భాగంలో, శ్వాసనాళాన్ని హత్తుకుని ఉండే ఈ గ్రంథి బరువు దాదాపు 20 గ్రాములు. ఇది ప్రధానంగా తయారుచేసేది నాలుగు అయోడిన్ పరమాణువులున్న టి4. కాలేయం, మూత్రపిండాలు, ఇతర కణజాలాలు అందులోంచి ఒక్క అయోడిన్‌ను తీసేస్తే టి3 అవుతుంది. కణాల్లో అసలు పని చేసేది అదే. టి4 గాదెలో ధాన్యం, టి3 ఆ పూటకు దంచుకున్న బియ్యం. రక్తంలో ఉన్న టి4 సగానికి తగ్గడానికి వారం పడుతుంది, టి3కి ఒక్క రోజు చాలు. ఆ ధాన్యంలోనూ చాలా భాగం ప్రోటీన్లు మోస్తున్న మూటల్లోనే ఉంటుంది. విడిగా తిరిగేది పదివేల పాళ్ళలో సుమారు మూడు పాళ్ళు. గర్భిణుల్లో ఆ మోసే ప్రోటీన్లు పెరగడం వల్ల, ఏ జబ్బూ లేకపోయినా మొత్తం టి4 ఎక్కువ చూపిస్తుంది. కాగితం మీద ‘ఫ్రీ టి4’ అని విడిగా కొలిచేది ఇందుకే.

ఈ గాదెకు కాపలా మెదడు అడుగున శనగగింజంత ఉండే పిట్యూటరీ. హార్మోను తగ్గినట్టు కనిపిస్తే టీఎస్‌హెచ్ పంపి థైరాయిడ్‌ను తొందరపెడుతుంది, ఎక్కువైతే మాట తగ్గిస్తుంది. దాని చూపు ఎంత నిశితమో చూడండి: ఫ్రీ టి4 సగానికి పడిపోతే టీఎస్‌హెచ్ దాదాపు వంద రెట్లు పెరగగలదు. ఒక మనిషి ఫ్రీ టి4 మామూలుగా 1.4 ఉండేది 1.0కి దిగిందనుకుందాం. ల్యాబ్ హద్దుల్లో రెండూ నార్మలే. ఆ మనిషికి ఏది మామూలో ల్యాబ్‌కు తెలియదు, పిట్యూటరీకి తెలుసు. అందుకే టీఎస్‌హెచ్ ముందే పైకి లేస్తుంది.

ఇంత సూక్ష్మమైనదాన్ని కొలవడం మరో విద్య. పసుపు మూత గొట్టంలోకి తీసిన రక్తం గడ్డకట్టాక యంత్రంలో గిర్రున తిప్పుతారు. కణాలు అడుగుకు దిగుతాయి, మధ్యలో జెల్ అడ్డుగోడలా నిలుస్తుంది, పైన లేత పసుపు సీరం తేలుతుంది. అందులోని టీఎస్‌హెచ్‌ను రెండు యాంటీబాడీలు చెరోవైపునా పట్టుకుంటాయి. ఒకటి సన్నని అయస్కాంత పూసకు అంటుకుంటుంది, రెండోది వెలుగునిచ్చే గుర్తును మోస్తుంది. అయస్కాంతంతో పూసలను ఆపి మిగతాదంతా కడిగేస్తే, మిగిలిన వెలుగు ఎంతో టీఎస్‌హెచ్ అంత. టి4తో ఇది కుదరదు. రెండు చేతులు పట్టేంత పెద్దది కాదది. అందుకని గుర్తు వేసిన నకలు టి4ను పోటీకి దింపుతారు. రోగి టి4 ఎక్కువుంటే నకలుకు చోటు దొరకదు, వెలుగు తగ్గుతుంది. యాంటీబాడీలతో హార్మోన్లను కొలిచే ఈ దారిని రేడియోధార్మిక గుర్తులతో తెరిచినవారు రోసలిన్ యాలో, సాలమన్ బెర్సన్. బెర్సన్ 1972లో మరణించారు, 1977లో యాలోకు నోబెల్ వచ్చింది.

ఒక్క జాగ్రత్త. జుట్టు, గోళ్ళ కోసం వాడే బయోటిన్ మాత్రలు ఎక్కువ మోతాదులో ఉంటే, కొన్ని యంత్రాల్లో పూస, యాంటీబాడీ కలిసే ముడిలోనే అడ్డుపడతాయి. అప్పుడు టీఎస్‌హెచ్ తక్కువగానూ టి4 ఎక్కువగానూ కనిపించి, లేని జబ్బును చూపిస్తాయి.

ఇక చదవడం. టీఎస్‌హెచ్ పెరిగి టి4 తగ్గితే గ్రంథి అలసింది. టీఎస్‌హెచ్ నాలుగు దాటి పది లోపుండి టి4 బాగుంటే, గర్భం లాంటి కారణాలు లేనప్పుడు తొందర వద్దు. అది రాత్రి పెరిగి మధ్యాహ్నానికి తగ్గే అంకె, రెండు మూడు నెలల తర్వాత మళ్ళీ చూసుకోవాలి. టి4 తగ్గినా టీఎస్‌హెచ్ లేవకపోతే నిద్రపోయింది కాపలాదారే కావచ్చు. కాన్పులో బాగా రక్తం పోయిన కొందరు తల్లుల్లో పిట్యూటరీ దెబ్బతిని ఇలా జరుగుతుంది. టీఎస్‌హెచ్ ఒక్కటే చూస్తే ఈ జబ్బు దొరకదు. రెండూ సరిగ్గా ఉంటే మాత్రం నీరసాన్ని థైరాయిడ్ ఖాతాలో వేయకండి. హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్, బి12, షుగర్, నిద్ర చూపించుకోండి.

ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు పాత రిపోర్టులు కూడా తీసుకెళ్ళండి. వీలైతే అదే ల్యాబ్‌లో, అదే వేళకు రక్తమివ్వండి. వేసుకుంటున్న ప్రతి మాత్ర పేరూ చెప్పండి, బయోటిన్‌తో సహా.