బఠాణీ గింజంత చూపు

ముందు దాని కన్ను చూడాలి. ఒళ్లంతా కలిపితే అంగుళం; అందులో కళ్లకే పెద్ద వాటా పోయింది. నల్లపాప చుట్టూ నీలానికీ పచ్చకీ మధ్య తేలనట్టి మెరుపు, దీపం కాస్త జరిపితే రంగు మారుతుంది. ఒక కన్ను నత్త మీద ఉంటే రెండోది నా మీద. రెండూ దేని దారిన అది తిరుగుతాయి. కథకళి నటులు ఏళ్ల తరబడి సాధన చేసి తెచ్చుకునే నేత్రాభినయం దీనికి పుట్టుకతో వచ్చింది. ఇద్దరిదీ కేరళ గడ్డే మరి!

మరుగుజ్జు పఫర్ చేప ఇది. కారినోటెట్రాడాన్ ట్రావన్‌కోరికస్ అని శాస్త్రనామం. 1941లో హోరా, నాయర్ అనే శాస్త్రవేత్తలు పంబా నది చేపను చూసి లోకానికి పరిచయం చేశారు. ఆ నది పారిన నాటి తిరువాన్కూరు అలా పేరులో నిలిచింది. పఫర్లలో ఎక్కువ భాగం ఉప్పునీటివి. ఇది మాత్రం పడమటి కనుమల దిగువన, మంచినీటి ఏళ్లలో బతుకుతుంది. అయ్యప్ప మాల వేసుకున్న మనవాళ్లు ఏటా మునిగి లేచేదీ ఆ పంబలోనే. వాళ్లలో ఎంతమంది దీన్ని చూసి ఉంటారు?

తిండి వేళే దీని రంగస్థలం. గాజు తొట్టిలోకి చిన్న నత్తను జారవిడుస్తాను. చేప ఎగబడదు. తోకను ఒక పక్కకు మడుచుకుని నీళ్ల నడుమ నిలిచిపోతుంది. ఈ జాతికి తోక ఎక్కువగా చుక్కానే. వీపు మీదా పొట్ట కిందా ఉన్న రెక్కలు, చెక్కిళ్ల పక్క రెక్కలు కంటికి ఆననంత వేగంగా విసురుకుంటూ ఒంటిని ముందుకూ వెనక్కూ నడుపుతాయి. అవును, వెనక్కి కూడా. నత్త చుట్టూ ప్రదక్షిణం చేస్తుంది, తల వాలుస్తుంది, మళ్లీ ఆగుతుంది. గుల్ల అంచున మెత్తని కొమ్మొకటి బయటికి వస్తుంది. అయినా కదలదు. నాకు రసమంతా ఈ ఆగడంలోనే కనిపిస్తుంది. ఆ తర్వాతి కాటు సూదిపోటంత. నత్త ముడుచుకుంటుంది, చేప ఓ అడుగు వెనక్కి తగ్గుతుంది. తాళంలో దెబ్బ తర్వాత విసురు పడినట్టు. మళ్లీ మొదలు.

చంపడం చూస్తున్నాం కనుక బీభత్సం కలగాలి. పెదవుల మీదికి నవ్వొస్తుందేం? బంగారు ఛాయ ఒంటి మీద పచ్చనల్లని మచ్చలు, కింద తెల్లని బొజ్జ, ముఖాన లెక్క తేలని గుమాస్తా దిగులు. రౌద్రాన్ని ఇంత బొద్దుగా పోతపోస్తే హాస్యం కాక ఏమవుతుంది? దాని పళ్లు నాలుగు పలకలుగా అతుక్కుని చిలుక ముక్కులా ఉంటాయి. పెరుగుతూనే ఉండే ఆ పలకలకు పలుచని గుల్లే ఆకురాయి. మరీ గట్టి గుల్లలున్న నత్తలు వేస్తే ముక్కే విరగవచ్చు.

భయపడితే నీళ్లు మింగి బంతిలా ఉబ్బుతుంది. దుకాణంలో ఒకాయన ఆ వింత చూపిస్తానని దాన్ని వలతో గెలికాడు. చూడలేక ముఖం తిప్పుకున్నాను. అది నటన కాదు, హడలు. నీళ్లలోంచి బయటికి తీస్తే గాలి మింగి ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది కూడా. ఉబ్బిన పఫర్‌ను అందమనేవాళ్లతో నాకు పేచీ ఉంది.

పోషణ సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి. పొడి మేత వేస్తే చాలావరకు ఎంగిలి కూడా పడదు. గడ్డకట్టించిన ఎర్రపురుగులను కరిగించి పట్టకారుతో అందిస్తే తీసుకుంటుంది. బొజ్జ కాస్త గుండ్రబడితే చాలు, మిగిలింది తీసెయ్యాలి. పొలుసుల్లేని ఒళ్లు కనుక కుళ్లిన నీటినీ ఘాటు మందులనూ తట్టుకోలేదు. తొట్టి నీరు కుదురుకున్నాకే తెచ్చుకోవాలి, వారానికి మూడో వంతు నీరు మార్చాలి. దట్టంగా నాచు, ఆకులు ఉండాలి. గప్పీ చేపలను తోడు పెడితే వాటి తోకలు మిగలవు. మగవాటికి పొట్ట కింద నల్లగీత, కంటి వెనక ముడతలు వస్తాయి. ఒక మగదానికి రెండు మూడు ఆడవి ఉంటేనే ఇల్లు సద్దుమణుగుతుంది. వాగుల నుంచి పట్టి తెచ్చినవి కాక తొట్టెల్లో పుట్టినవి అడిగి కొనుక్కోవడం మేలు, వాగుల్లో వీటి సంతతి తరిగిపోతోంది.

నత్తల కోసం వేరే సీసా పెట్టి పాలకూర, దోసముక్కలు వేస్తుంటాను. “చేపను పెంచుతున్నావా, నత్తలనా?” అని ఇంట్లో అడుగుతారు. జవాబు దొరకలేదు.

ఈ పొద్దు వేసిన నత్త గుల్ల మూసుకుని కూర్చుంది. చేప దాని ఎదుట, తోక మడుచుకుని, ఒక కన్ను దాని మీదా ఒకటి నా మీదా పెట్టి నిలుచుంది. నా టీ చల్లారింది.